దారాన్ని బట్టి సూది

నరసాపురం. వశిష్ఠ గట్టు పక్క అద్దె గది.
రాత్రి పదకొండు. కరెంటు వస్తూ పోతూ ఉంది.
లాప్‌టాప్‌లో ఇరవై ఒక్కమంది ఆడవాళ్ళ మెదళ్ళు
వరసగా ఉన్నాయి,
రేవులో పంటు కోసం కాచుక్కూర్చున్నట్టు.

అందరూ లేసు అల్లేవాళ్ళే.
కాకినాడ తీసుకెళ్ళి, ఆ దడదడలాడే గొట్టంలో పడుకోబెట్టి
వేళ్ళు ఆడించమన్నాం.
పేరంటాలమ్మ లోపలే నిద్రపోయింది.
భూషణమ్మ బయటికొచ్చి "రైసుమిల్లే నయం" అంది.

ఇప్పుడొక అంకె కావాలి.
ఒక్కో గడి వెలుగును చుట్టుపక్కల గళ్ళతో
ఎంతమేర కలిపెయ్యాలో చెప్పే అంకె, మిల్లీమీటర్లలో.
ఏ రెండు మెదళ్ళూ ఒకేలా ముడతపడవు.
ఎంత సాగదీసి ఒకే అచ్చులో కూర్చినా
ఈమె చూపుడు వేలు ఆమె చూపుడు వేలికి
రెండు గళ్ళు అవతల పడుతుంది.
కాస్త మసక చేస్తే తప్ప
ఇరవై ఒక్కరూ ఒక మాట మీదికి రారు.

కాస్త అంటే ఎంత?

దమ్ము చేసిన మడిలో పరంబు తోలడం చిన్నప్పుడు చూశాను.
పొట్టి చెక్కయితే గడ్డలు మిగులుతాయి.
మరీ పొడుగుదైతే గట్టునే ఈడ్చుకుపోతుంది,
రెండు మళ్ళ నీళ్ళూ ఒకటైపోతాయి.
ఎవరి చేను ఎంతవరకో
ఆ తర్వాత కరణం కూడా చెప్పలేడు.

"ఎనిమిది పెట్టెయ్యమ్మా, అందరూ పెట్టేదే" అన్నారు
మా ప్రొఫెసరు గారు, ఫోన్లో, భోంచేస్తూ.
పెట్టాను.
నిజం చెప్పాలి. ఎనిమిదే కాదు,
నాలుగు పెట్టాను, ఆరు పెట్టాను, పది పెట్టాను,
ఏది బాగా ఎర్రగా మండుతుందో చూశాను.
పదికి వచ్చింది చూడండి మచ్చ,
పండిన దబ్బకాయలా, నిండుగా,
అలాగే అచ్చుకి పంపేయొచ్చు.

అందులో మార్తమ్మ లేదు.

మార్తమ్మకి చూపుడు వేలు సగమే.
మిగతా సగం పీచు మిషను తింది, పదేళ్ళప్పుడు.
నడిమి వేలితో అల్లుతుంది.
ఆమె వెలుగు మిగతావాళ్ళకి కొంచెం ఎగువన,
చిన్నది, ముంజె కన్నంత.
వరదలో లంక మునిగినట్టు
పది మిల్లీమీటర్ల కింద మునిగింది.
మునిగిందని బొమ్మ చెప్పదు.
బొమ్మ నున్నగా ఉంటుంది.

మర్నాడు వాళ్ళ అరుగు మీద కూర్చుని
ఏం మాట్లాడాలో తోచక అడిగాను,
ఏ సూది వాడాలో ఎలా తెలుస్తుందని.
ఆమె తలెత్తలేదు.
"దారాన్ని బట్టి సూదండి, ఆయ్.
సూది చేతిలో ఉంది కదాని దారం లావు చేత్తామేంటి?
సగం అల్లాకా సూది మారిత్తే
ఇప్పుకోడమే."

గదికొచ్చి ఆ బొమ్మలన్నీ వేరే ఫోల్డర్లో పడేశాను.
చెరపలేదు. చూసిన కళ్ళని చెరపలేను కదా.
మెదడులో వేలికీ వేలికీ ఎడమెంతో
ఇతరుల పాత కొలతలు వెతికాను.
నోటుబుక్కులో రాశాను: ఐదు.
ఎందుకో రాశాను. తేదీ వేశాను.
ముందే పది దాకా చూశాననీ రాశాను,
ఆ వాక్యం దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది.
ఇంకా ఎవరూ తెరవని పదిమంది స్కాన్లు
కాకినాడలో ఉన్నాయి. తీర్పు వాటిది.

వాటిమీద ఐదు పెడితే
దబ్బకాయ రెండుగా చీలింది, మధ్య సన్నటి పాయ.
ఒక ముక్క గీత దాటలేదు.
దాటలేదనే రాశాను.
ప్రొఫెసరు గారు రెండ్రోజులు ఫోనెత్తలేదు.

"ఇందులో నేనేదండీ?" అంది మార్తమ్మ.
సగటులో ఎవరూ కనపడరని చెప్పబోయి ఊరుకున్నాను.
ఏ మసకా లేని ఆమె బొమ్మ ఒక్కటీ ప్రింటు తీసిచ్చాను,
గళ్ళు గళ్ళుగా, రవ్వ జల్లినట్టు.
వెలుతురుకేసి పట్టుకుని
ఆ సగం వేలితోనే లెక్కపెట్టింది.

"పదిహేడు గళ్ళు" అంది.
"నలభయ్యో నెంబరు దారం సరిపోద్ది."